పిల్లల ఐసియులో ఇన్ఫెక్షన్ భయం: అటెండర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పిల్లల ఐసియు నర్సుని. మొదట ఆరేళ్లు గుంటూరులో, ఆ తర్వాత ఎనిమిదేళ్లుగా విజయవాడలో చేస్తున్నాను. తెనాలి, సత్తెనపల్లి, నూజివీడు, జగ్గయ్యపేట నుంచి బిడ్డను ఒళ్లో వేసుకుని వచ్చినవాళ్లు ఐసియు తలుపు బయట కుర్చీల్లో కూర్చుని అడిగే ప్రశ్నలే ఇవన్నీ. డ్యూటీలో ఉన్నప్పుడు రెండు ముక్కల్లో చెప్పి లోపలికి పరిగెత్తుతాం. వినేవాళ్లు కూడా టెన్షన్‌లో ఉంటారు కాబట్టి సగం చెవికెక్కదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాశాను. మీ బిడ్డకు ఏ మందు, ఎంత డోసు అన్నది మీ డాక్టరుగారిని అడగాల్సిన విషయం. దాని జోలికి నేను పోను.

డెంగీ అని చేర్పించాం. అయిదో రోజున "రక్తంలో ఇన్ఫెక్షన్" అంటున్నారు. ఇది ఆసుపత్రిలోనే అంటుకుందా?

అయ్యుండొచ్చు. వచ్చేనాటికే ఒంట్లో లేకుండా, చేరిన 48 గంటల తర్వాత కొత్తగా మొదలైన ఇన్ఫెక్షన్‌ని ఆసుపత్రిలో వచ్చినదిగానే లెక్కేస్తారు. ఈ మాట అటెండర్లతో చెప్పాలంటే చాలామంది నీళ్లు నములుతారు. నాకైతే దాచడం తప్పనిపిస్తుంది. బాగు చేయించడానికి తెచ్చిన చోటే ఇంకో జబ్బు తగిలిందంటే ఎవరికైనా కడుపు మండుతుంది, అడిగే హక్కూ ఉంది.

ఎందుకు తగులుతుందో కూడా తెలుసుకోండి. మామూలుగా ఆడుకునే పిల్లాడికి చర్మమే గోడ. దగ్గు, తుమ్ము కాపలావాళ్లు. కడుపులో ఆమ్లం మరో కాపలా. ఐసియులో ప్రాణం నిలపడానికి మేమే ఆ గోడకు కన్నాలు పెడతాం. మెడలో మందులు ఎక్కించే లైన్ ఒకటి, గొంతులో ఒక గొట్టం, మూత్రానికి ఇంకొకటి. మందు వెళ్లే దారిలోనే క్రిమి కూడా వెళుతుంది. పైగా మత్తుమందు వల్ల దగ్గు ఉండదు, జబ్బు వల్ల ఒంట్లో పోరాడే శక్తి తగ్గి ఉంటుంది. నెలల పిల్లలకైతే ఆ శక్తి ఇంకా పూర్తిగా తయారయ్యే ఉండదు. అన్నీ ఆపలేం. కానీ వీటిలో చాలావాటిని ఆపొచ్చు. ఎలాగో కింద రాశాను.

ఆ క్రిములు గాలిలో తిరుగుతుంటాయా?

కొన్ని మాత్రమే. తట్టు, ఆటలమ్మ, టీబీ లాంటివి గాలిలో వస్తాయి. ఐసియులో మమ్మల్ని ఎక్కువగా సతాయించేవి వేరు: క్లెబ్సియెల్లా, ఎసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్, స్టఫైలోకోకస్, క్యాండిడా అనే ఫంగస్. వీటిలో కొన్ని బిడ్డ పేగుల్లోనే, చర్మం మీదే ఉంటాయి. సందు దొరికితే చోటు మారతాయి. మిగతావి మంచం కడ్డీ మీద నుంచి, సెలైన్ పంపు బటన్ మీద నుంచి, ఫోన్ మీద నుంచి చేతులెక్కి వస్తాయి. ఎసినెటోబ్యాక్టర్ అయితే పొడి ప్లాస్టిక్ మీద వారాల తరబడి బతుకుతుంది. దానికి రెక్కలు లేవు, కాళ్లు లేవు. మన చేతులే దానికి వాహనం.

చెప్పులు బయటే విప్పాం, గౌను వేసుకున్నాం, టోపీ కూడా పెట్టుకున్నాం. మళ్లీ చేతులంటారేం?

గుంటూరులో ఉన్నప్పుడు మిర్చి యార్డులో పనిచేసే ఒక తండ్రి వచ్చేవాడు. చాలా పద్ధతైన మనిషి. చెప్పులు గోడ వారగా జతగా పెట్టేవాడు. గౌను దారాలు వెనక్కి కట్టించుకునేవాడు. చేతులు శానిటైజర్‌తో రుద్దుకునేవాడు. అంతా అయ్యాక గౌను పక్కకు తీసి ప్యాంటు జేబులోంచి ఫోన్ తీసి టైం చూసి, ముక్కు తుడుచుకుని, తలుపు పిడి పట్టుకుని లోపలికొచ్చి, అదే చేత్తో పాప పెదవులు తడిమేవాడు.

నేను ఒకటే అడిగాను: "అన్నా, కాయలు గ్రేడింగ్ చేసిన చేత్తో ఎప్పుడైనా కన్ను నలుపుకున్నావా?" నవ్వాడు. ఆ మంట గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. సబ్బుతో ఒకసారి కడిగినా రాత్రి దాకా వేళ్ల సందుల్లో, గోళ్ల కింద ఘాటు ఉండనే ఉంటుంది. ఎక్కడెక్కడ ముట్టుకుంటే అక్కడల్లా మంట పుడుతుంది. క్రిమీ అంతే. మంట లేదు కాబట్టి అంటించినట్టు మనకు తెలియదు, అంతే తేడా. మర్నాటి నుంచి ఆయన ఫోన్ బయట అన్న చేతికిచ్చి వచ్చేవాడు.

చెప్పుల సంగతికొస్తే, బయట విప్పితే నేల శుభ్రంగా ఉంటుంది, మంచిదే. కానీ బిడ్డను ఎవరూ కాళ్లతో ముట్టుకోరు కదా. చెప్పుల దగ్గర అంత కచ్చితంగా ఉండే వాచ్‌మన్లు శానిటైజర్ సీసా ఖాళీ అయితే చూడరు. నాకు ఒళ్లు మండే విషయాల్లో ఇదొకటి.

సరే, ఎలా రుద్దుకోవాలి?

అరచేయి నిండా రబ్, అంటే చేతికి రాసుకునే శానిటైజర్, తీసుకుని 20 నుంచి 30 సెకన్లు. అరచేతులు, చేతుల వెనక వైపు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, చివరగా వేళ్ల కొసలు, మణికట్లు. అందరూ వదిలేసేవి బొటనవేలు, వేళ్ల కొసలు. బిడ్డను తాకేవి మాత్రం అవే. దానంతటదే ఆరాలి, చీర కొంగుకు తుడుచుకోకూడదు.

చేతికి మట్టి, రక్తం, మలం, జిడ్డు ఏదైనా కంటికి కనిపిస్తుంటే రబ్ పనికిరాదు. సబ్బూ నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడగాల్సిందే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు నీట మునిగినప్పుడు మోచేతుల దాకా బురదతో పిల్లల్ని ఎత్తుకొచ్చారు జనం. వాళ్లకు రబ్ సీసా చూపించి లాభం లేదు, ముందు సింకు దగ్గరికి తీసుకెళ్లాలి. విరేచనాల బిడ్డ దగ్గర కూడా సబ్బే వాడండి. కొన్ని విరేచనాల క్రిములకు ఆల్కహాల్ అంటే లెక్కలేదు.

ఎప్పుడెప్పుడంటే, బిడ్డను తాకే ముందు, తాకిన తర్వాత, డైపర్ మార్చాక, మంచం చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. చివరిది మీకోసం కాదు, పక్క బెడ్‌లో ఉన్న బిడ్డ కోసం.

గాజులు, ఉంగరాలు తీసేయాలా?

ఉంగరం, వాచీ తీసేయండి. వాటి కింద తడి నిలుస్తుంది. మట్టి గాజులు తీయమంటే మనసు ఒప్పదని నాకు తెలుసు, అందుకని బలవంతం చేయను. పైకి నెట్టుకుని మణికట్టు దాకా బాగా రుద్దండి. గోళ్లు మాత్రం పొట్టిగా కత్తిరించుకుని రండి.

గ్లవ్స్ వేసుకుంటే ఈ గోల ఉండదుగా?

ఉంటుంది. గ్లవ్ మీ చేతిని కాపాడుతుంది, బిడ్డను కాదు. గ్లవ్స్ వేసుకుని పది వస్తువులు ముట్టుకున్న చెయ్యి వట్టి చేతి కన్నా మేలేమీ కాదు. విప్పాక కూడా చేతులు రుద్దుకోవాలి.

సిస్టర్‌ని గానీ, డాక్టరుగారిని గానీ "చేతులు రుద్దుకున్నారా?" అని అడగొచ్చా? కోపమొచ్చి బిడ్డను సరిగా చూడకపోతే?

అడగండి. మీ భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర డాక్టరుగారి ముందు గట్టిగా మాట్లాడటమే తప్పన్నట్టు పెరిగాం.

నా సంగతే చెప్తాను. ఒక రాత్రి డ్యూటీలో మూడో బెడ్ పంపు అలారం కొడుతుంటే ఆపి, ఆ పరుగులోనే అయిదో బెడ్ బాబు దగ్గరికి వెళ్లాను, ఇంజెక్షన్ ఇవ్వడానికి. లైన్ మూత మీద చెయ్యి వేయబోతుంటే పక్కన కూర్చున్న మామ్మగారు "అమ్మాయ్, చేతికి మందు రాసుకున్నావా?" అంది. మెల్లగానే అంది. నాకు మొహం మాడిపోయింది. రాసుకోలేదు మరి. వెనక్కి వెళ్లి రుద్దుకుని వచ్చాను. ఆవిడ మీద నాకేం కోపం రాలేదు. సిగ్గేసింది, అంతే. ఆ రాత్రంతా మళ్లీ మర్చిపోలేదు.

1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసిన చేతులతోనే పురుళ్లు పోయడం వల్ల బాలింతలు జ్వరంతో చనిపోతున్నారని గుర్తించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడగమన్నాడు. చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట వినలేదు. మా చేతులు మురికా అని పౌరుషం! ఆ పౌరుషం ఇప్పటికీ కొందరిలో ఉంది. అలాంటివాళ్లు ఎదురైతే ఇలా అనండి: "డాక్టర్‌గారూ, ఏమనుకోకండి, బాబుకి ఇన్ఫెక్షన్ వస్తుందేమోనని భయం. ఒక్కసారి రబ్ రాసుకుంటారా?" తప్పు పట్టినట్టు కాకుండా భయం చెప్పుకున్నట్టు అడిగితే చాలామంది వెంటనే సీసా అందుకుంటారు. అప్పటికీ చిరాకు పడితే హెడ్ సిస్టర్‌కి చెప్పండి. పెద్ద ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అని ఒకరు ఉంటారు, ఆమెను అడగండి. ఆమె ఉద్యోగమే అది.

మెడ దగ్గర పెట్టిన పెద్ద లైన్ చూస్తేనే భయమేస్తోంది. అది అవసరమా?

పెట్టిన రోజున కచ్చితంగా అవసరమే అయ్యుంటుంది. బీపీ పెంచే మందులు చేతి నరంలో ఎక్కువసేపు పోస్తే నరం పాడవుతుంది, మందు బయటికి కారితే చర్మం చచ్చిపోతుంది. అందుకని గుండెకు దగ్గరున్న పెద్ద నరంలోకి వేస్తారు. దాన్నే సెంట్రల్ లైన్ అంటారు. కానీ మీరు అడగాల్సిన అసలు ప్రశ్న "ఇది ఈ రోజు కూడా అవసరమా?" అని. రోజూ అడగాలి. లైన్ ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం. బీపీ మందులు ఆగిపోయినా "ఉండనీలే, మళ్లీ నరం దొరకదేమో" అని ఇంకో రెండు రోజులు వదిలేయడం ఐసియుల్లో మామూలు అలవాటు. నరం దొరకదన్న భయం అబద్ధం కాదు, బొద్దు పిల్లలకు సూది గుచ్చాలంటే మాకూ చెమటలు పడతాయి. అయినా ఆ లెక్క రోజూ కొత్తగా వేయాలి.

ఇందులో కొత్త కనిపెట్టుళ్లేమీ లేవు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని ఐసియుల్లో పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు బృందం చేసిన పని ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లు పట్టుబట్టినవి అయిదే: చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు ఒళ్లంతా కప్పే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) గుడ్డలు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు గజ్జల్లో లైన్ వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. లైన్ల వల్ల వచ్చే రక్తం ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. అది దాదాపు అంతా పెద్దవాళ్ల ఐసియుల లెక్క. పిల్లల దగ్గర ఇంకో తేడా ఉంది. లైన్ వేసేటప్పుడు తీసుకునే జాగ్రత్త ఒక ఎత్తయితే, ఆ తర్వాత రోజూ దాన్ని ఎలా వాడుతున్నామన్నది అంతకు మించిన ఎత్తు. మందు ఎక్కించే ప్రతిసారీ ఆ మూతను స్పిరిట్ స్వాబ్‌తో గట్టిగా 15 సెకన్లు రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సిరంజి తగిలించాలి. రోజుకు ఇరవై సార్లు మందు వెళితే ఇరవై సార్లూ.

మీరు చూడాల్సింది ఇది. లైన్ మీద అంటించిన పారదర్శకమైన ప్లాస్టర్ అంచు లేచిందా, కింద చెమట గానీ రక్తం గానీ చేరిందా, చుట్టూ ఎర్రబడిందా. మామూలుగా ఆ ప్లాస్టర్‌ని 7 రోజులకోసారి మారుస్తారు, గాజుగుడ్డ అయితే 2 రోజులకు. తడిసినా, ఊడినా అప్పటిదాకా ఆగకూడదు. విజయవాడ ఎండల్లో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే గంటలో చెమటకు అంచులు లేస్తాయి. మీరు అంటించబోకండి. సిస్టర్‌ని పిలవండి.

దుర్గమ్మ కుంకుమ, మొలతాడు, తాయెత్తు... ఇవి కూడా వద్దంటారా?

దేవుణ్ణి ఎందుకు వద్దంటాం. చోటు మార్చమంటాం, అంతే.

కొండ మీద నుంచి కుంకుమ వస్తుంది, గుణదల మేరీమాత దగ్గర నుంచి నూనె వస్తుంది, దర్గా నుంచి తాయెత్తు వస్తుంది. ఒక్కోసారి ఒకే మంచం మీదకు మూడూ వస్తాయి. మెడ లైన్ ప్లాస్టర్ మీద కుంకుమ రాలితే కింద ఎర్రదనం వచ్చిందో లేదో మాకు కనపడదు. నూనె తగిలితే ప్లాస్టర్ అంటుకోదు. మణికట్టుకు కట్టిన దారం కింద క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) ఉంటే, ఆ దారం తడిసి, మురికి పీల్చుకుని సూది పక్కనే రోజంతా ఉంటుంది.

మొలతాడు సంగతి మరీ ముఖ్యం. గజ్జల్లో లైన్ వేయాల్సి వచ్చిన పిల్లలకు మొలతాడు ఒకవైపు, డైపర్ ఒకవైపు ఒరుసుకుంటాయి. మలం తగిలిన మొలతాడు లైన్ మీదకు జారడం నేను కళ్లారా చూశాను. కత్తిరిస్తామంటే నానమ్మలు ఏడుస్తారు, ఆయుష్షు తెంపినట్టే అంటారు. అందుకని మేం కత్తెర ముందు పెట్టం. ముడి విప్పడానికి వీలైతే అమ్మనే విప్పమంటాం. విప్పినదాన్ని చిన్న జిప్ కవర్లో వేసి, బిడ్డ పేరు రాసి, మంచం తల దగ్గర ప్లాస్టర్‌తో అంటిస్తాం. తాయెత్తులు, కుంకుమ పొట్లాలు కూడా అందులోకే. కవరు పైన స్పిరిట్‌తో తుడవొచ్చు. ఇంటికి వెళ్లేటప్పుడు మీరే మళ్లీ కట్టుకోండి.

తీర్థం, పానకం మాత్రం గొంతులో గొట్టం ఉన్న బిడ్డ నోట్లో ఒక్క చుక్క కూడా పోయొద్దు. పెదవులు తడిపితే ఏమవుతుందంటారు. అది ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు.

వెంటిలేటర్ మీద ఉంటే న్యుమోనియా తప్పదంటగా?

తప్పదని ఏమీ లేదు. గొంతులో గొట్టం ఉన్నప్పుడు నోట్లో ఊరే చొంగ దాని పక్క నుంచి మెల్లగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దాన్ని ఆపడమే అసలు పని. మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పెట్టేది అందుకే. బాబుకి మెడ నొప్పెడుతుందని దిండు తీసేసి మంచం దించే తాతయ్యలు ఉంటారు. దించకండి. నోరు రోజూ శుభ్రం చేయాలి, పళ్లు వచ్చిన పిల్లలకు మెత్తని బ్రష్‌తో. వెంటిలేటర్ ట్యూబుల్లో నీళ్లు చేరితే వాటిని బిడ్డ వైపు కాకుండా బయటికి వంపాలి, అది మా పని.

అన్నిటికన్నా మంచి జాగ్రత్త గొట్టం త్వరగా తీసేయడమే. రోజూ మత్తు తగ్గించి, సొంతంగా ఊపిరి పీలుస్తున్నాడా అని చూస్తారు. ఆ సమయంలో బిడ్డ కదులుతాడు, కళ్లు తెరిచి ఏడవబోతాడు. చూడలేక "మళ్లీ మత్తివ్వండి సిస్టర్" అని బతిమాలతారు. ఆ కదలికే మేం ఎదురుచూసేది.

యూరిన్ బ్యాగ్ మంచం మీద పెట్టొచ్చా?

వద్దు. ఎప్పుడూ పొట్ట కన్నా కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు బిడ్డ పొట్ట మీద పెట్టేస్తుంటారు. మూత్రం వెనక్కి పోతుంది. చూస్తే వెంటనే చెప్పండి.

అమ్మ పాలు ఇవ్వొచ్చా? ఇంటి నుంచి ఇడ్లీ తేవచ్చా?

డాక్టరుగారు పాలు మొదలుపెట్టమంటే అమ్మ పాలను మించింది లేదు. వాటిలో క్రిములతో పోరాడే పదార్థాలు ఉంటాయి. గొట్టం ద్వారా ఇచ్చినా పని చేస్తాయి. పిండే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గిన్నె, పంపు ఎలా శుభ్రం చేయాలో సిస్టర్ చూపిస్తుంది. బిడ్డ ఐసియులో ఉంటే తల్లికి పాలు తగ్గిపోవడం మామూలే. బయట కుర్చీలో అన్నం నీళ్లు లేకుండా కూర్చోబెట్టి పాలు రావడం లేదంటే ఎలా వస్తాయి? ముందు ఆమెకు వేడి అన్నం పెట్టండి.

డబ్బా పాలే ఇవ్వాల్సి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ పొడి స్టెరైల్ కాదు. కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్లతో కలిపి, చల్లార్చి, వెంటనే వాడాలి. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసి ఇంట్లో కలిపి తెచ్చింది మేం వాడం, తిట్టుకోవద్దు.

నోటితో తినే పిల్లలకైతే వేడి ఇడ్లీ నిక్షేపంగా తేవచ్చు. చట్నీ, కోసి పెట్టిన పండ్లు, బయటి జ్యూస్ వద్దు.

చుట్టాలు ఊరి నుంచి వ్యాన్ వేసుకుని వచ్చారు. ఒక్కసారి చూసి వెళ్తామంటున్నారు.

తల్లినో తండ్రినో బిడ్డ దగ్గర ఉండనివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. చేతులు సరిగ్గా కడుక్కునే తల్లి ప్రమాదం కాదు, మాకు ఇంకో జత కళ్లు. పద్నాలుగు మంది వరసగా వచ్చి తల నిమిరి వెళ్లడం వేరే సంగతి. వాళ్లను బయటే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించండి, వీడియో కాల్‌లో చూపించండి. జలుబు, దగ్గు, విరేచనాలు ఉన్నవాళ్లు ఎంత దగ్గరి బంధువైనా రాకూడదు. "ఉత్త జలుబేగా" అంటారు. పెద్దవాళ్లకు ఉత్త జలుబుగా వచ్చే ఆరెస్వీ అనే వైరస్ నెలల బిడ్డను వెంటిలేటర్ దాకా తీసుకెళ్తుంది.

ఇంకో మాట కూడా అడుగుతాం, దాచకండి. ఇంట్లో, వీధిలో ఎవరికైనా అమ్మవారు పోసిందా? ఆ పేరు బయటికి చెప్పకూడదని కొందరు ఊరుకుంటారు. ఆటలమ్మ పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది. తట్టు అయితే మచ్చలకు నాలుగు రోజుల ముందు నుంచే. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉంటుంది. పక్క బెడ్‌లో క్యాన్సర్ మందులు తీసుకుంటున్న పాప ఉంటే ఆ రెండు గంటలు చాలు. మీరు చెప్తే మేం ఎవరినీ తప్పు పట్టం, ఏ బిడ్డను ఎక్కడికి మార్చాలో చూసుకుంటాం.

ఖర్చయినా ఫర్వాలేదు, ముందే పెద్ద యాంటీబయాటిక్ వేసేస్తే పోలా?

ఈ మాట ఎంత ప్రేమతో అంటారో నాకు తెలుసు. కానీ డెంగీ లాంటి వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ చేసేది ఏమీ లేదు. పైగా మంచి క్రిముల్ని చంపి, మందుకు లొంగని మొండివాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. తర్వాత నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిననాడు ఆ పెద్ద మందు పనిచేయదు. అప్పుడు కొలిస్టిన్ లాంటి చివరి మందుల దాకా పోవాలి, వాటితో కిడ్నీల మీద దెబ్బ. ఆ కొలిస్టిన్‌నే కోళ్లకూ పశువులకూ దాణాలో కలిపి వాడేవాళ్లు. 2019లో కేంద్రం నిషేధించింది.

అలాగని సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే ప్రమాదకర స్థితి, అనుమానం ఉన్న బిడ్డకు ఆలస్యం చేయరు. వెంటనే మొదలుపెట్టి, కల్చర్ (రక్తం లాంటి నమూనాలో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష) రిపోర్ట్ వచ్చాక తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. "నిన్న పెద్ద మందు ఇచ్చి ఇవాళ చిన్న మందుకు దించారేంటి, డబ్బు లేదనుకున్నారా?" అని ఒక తండ్రి గొడవ పెట్టుకున్నాడు. పాపం, అది శుభవార్త అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కల్చర్ రిపోర్ట్ మూడు రోజులకు గానీ రాదంటున్నారు. డబ్బులిస్తే తొందరగా ఇవ్వరా?

క్రిమి పెరగాలి కదా. మొదటి కబురు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకో రోజో రెండో. ఏమీ పెరగలేదని చెప్పడానికి మామూలుగా అయిదు రోజులు చూస్తారు. రిపోర్టులో మందుల పేర్ల ఎదురుగా ఎస్ అని ఉంటే లొంగుతుందని, ఆర్ అని ఉంటే లొంగదని. వరసగా ఆర్‌లు చూసి కుప్పకూలిపోకండి. ఒక్క ఎస్ ఉన్నా డాక్టర్లకు దారి ఉన్నట్టే.

పక్క బెడ్ బాబు దగ్గరికి అందరూ గౌను, గ్లవ్స్ వేసుకునే వెళ్తున్నారు. మేం బెడ్ మార్పించుకోవాలా?

ఆ బాబుకు మొండి క్రిమి ఉందని తెలిసి జాగ్రత్త పడుతున్నారు. తెలియని చోట కన్నా అక్కడే నయం. ఆ తల్లితో మాట్లాడటం మానేయకండి, ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ మంచం, ఆ సామాను ముట్టుకోకండి, చాలు.

ఫినాయిల్ వాసన గట్టిగా వస్తోంది. అంటే శుభ్రంగా ఉన్నట్టేనా?

వాసనకూ శుభ్రానికీ సంబంధం లేదు. నేల తళతళలాడుతూ మంచం కడ్డీ జిడ్డోడుతుంటే ఆ ఐసియు శుభ్రంగా లేనట్టే. పొడి చీపురుతో ఊడుస్తుంటే మాత్రం అడ్డం చెప్పండి. దుమ్ము లేచి బిడ్డ మీదే పడుతుంది, తడి మాప్ వాడాలి.

ఇక్కడ కాదని ఇంకో పెద్ద ఆసుపత్రికి మారిస్తే మంచిదా?

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా, సర్కారు ఆసుపత్రి అయినా, గ్రానైట్ పరిచిన కార్పొరేట్ అయినా చూడాల్సినవి ఒకటే. ప్రతి మంచం దగ్గర చేతికి అందేలా రబ్ సీసా ఉందా, అందులో మందు ఉందా? వెంటిలేటర్ బిడ్డలు ఎంతమందికి ఒక నర్సు? ఒకరికి ఒకరుంటే చాలా మంచిది. ఒక్క నర్సు నలుగురిని చూస్తుంటే ఎంత మంచి మనిషైనా 15 సెకన్లు మూత రుద్దదు, రుద్దలేదు. "ఇన్ఫెక్షన్ రేటు ఎంత?" అని అడిగితే లెక్క చెప్తారా, కసురుకుంటారా? లెక్క చెప్పేవాళ్లను నమ్మండి. "మా దగ్గర అసలు రాదు" అనేవాళ్లు లెక్కే పెట్టడం లేదేమో అనుకోవాలి.

వెంటిలేటర్ మీదున్న బిడ్డను అంబులెన్స్‌లో మార్చడం చిన్న విషయం కాదు. దారిలో గొట్టాలు కదులుతాయి, జారతాయి. కోపంలో ఆ నిర్ణయం తీసుకోకండి.

వార్డుకు మార్చారు. ఇక భయం లేదుగా?

చేతికి ఉన్న క్యాన్యులా చూస్తూ ఉండండి. ఎర్రబడినా, వాచినా, తాడులా గట్టిపడినా, మందు ఎక్కేటప్పుడు బిడ్డ ఏడ్చినా చెప్పండి. మందులన్నీ సిరప్‌కు మారాక కూడా క్యాన్యులా ఊరికే ఉందంటే తీసేయమనండి.

ఇంటికొచ్చి నెలైంది. ఆ ఫైలు, పాత రిపోర్టులు పారేయొచ్చా?

కల్చర్ రిపోర్టులు మాత్రం పారేయకండి. మొండి క్రిములు కొన్ని బిడ్డ పేగుల్లో నెలల తరబడి ఊరికే కూర్చుంటాయి. ఇంట్లో దానివల్ల ఇబ్బంది ఉండదు. చేతులు కడుక్కుంటే చాలు, బిడ్డను విడిగా పెట్టక్కర్లేదు, బడికీ పంపొచ్చు. కానీ మళ్లీ ఎప్పుడైనా ఏ ఆసుపత్రిలో చేర్పించాల్సి వచ్చినా, క్యాజువాలిటీలోనే ఆ కాగితం తీసి చూపించండి. ఏ మందు మొదలుపెట్టాలో, ఏ బెడ్ ఇవ్వాలో వాళ్లకు అక్కడే తెలుస్తుంది. మా దగ్గర డిశ్చార్జ్ అయిన ఒక తల్లి ఆ రిపోర్ట్‌ని లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతో పాటు బీరువాలో పెట్టింది. లామినేషన్ అక్కర్లేదు గానీ, ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఉంచుకోండి.